పిల్లి కంతల అవ్వ

మొన్న పొద్దున నేను స్నానం చేస్తుంటే పక్కింటి పిల్లి వెంటిలేటర్‌లోంచి లోపలికి తల పెట్టింది. చెంబు ఎత్తి "ఛీ, పో" అన్నాను. కదల్లేదు. మెల్లగా ఒళ్లంతా లోపలికి లాక్కుని, ముందరికాళ్లు ముడుచుకుని, సందులో కుదురుగా కూర్చుంది. నన్ను పైనుంచి కింది దాకా చూసింది. చూసి, ఇంతేనా అన్నట్టు మొహం పక్కకు తిప్పుకుంది.

నాకు కోపం రావాలి. రాలేదు. చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. బకెట్లో నీళ్లు చల్లారిపోయాయి.

నన్ను అట్లా చూసే పిల్లులు ఒకప్పుడు ఉండేవి. వాటిని పెంచిన మనిషి ఉండేది. ఆమె గురించి నాలుగు మాటలు రాయాలని ఆ తడి ఒంటితోనే అనుకున్నాను. నలభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. అంతకు మించి రాదు.

యాభై ఆరులో కొత్త రాష్ట్రం అయిన ఒకటి రెండేళ్లకు మా ఆయనకు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో పని దొరికింది. మాది జక్రాన్‌పల్లి దిక్కు. పసుపు చేన్లలో పెరిగినదాన్ని, పట్నం మొహం చూడనిదాన్ని. ఫ్యాక్టరీకి పోయే బాట మీద ఒక వాడకట్టులో, పెంకుటింట్లో వెనక అర్ర కిరాయికి తీసుకున్నాము. ఇల్లు పొడుగ్గా రైలు డబ్బాలా ఉండేది. ముందరి అర్రలో అవ్వ. నడిమి అర్రలో ఆమె అమ్ముకునే బెల్లం ముద్దలు, గోనెసంచులు. వెనక అర్రలో మేము. మా వెనక జాలారు, అంటే స్నానానికీ అంట్లకీ ఒక బండ, చుట్టూ తడక. బెల్లం ఉన్నచోట ఎలుకలుంటాయి. ఎలుకల కోసం పిల్లులను పెట్టారు. పిల్లులు వీధి నుంచి పెరడు దాకా తిరగాలని ప్రతి తలుపుకూ కింద ఒక కంత కోసి పెట్టారు. ఆమె మామ నాడు కోసిన కంతలవి. పిల్లుల వీపులు రాసుకుని రాసుకుని వాటి అంచులు నున్నగా మెరిసేవి.

ఇల్లు చూసిన రోజు తలుపు అటూ ఇటూ తిప్పి చూశాను.

"గడియేది అవ్వా?"

"గడియెందుకే?"

"తలుపేసుకునేటందుకు."

"బరువు తలుపు. దగ్గరికి నూకు, గాలికి తెరుసుకోదు. దొంగలకు బుగులు వడ్తున్నవా? దొంగ వస్తే బెల్లం కాడికి వస్తడు. నీ కాడికెందుకొస్తడు?"

"మరి గీ కంత?"

అవ్వ నోట్లో చుట్టను ఒక మూల నుంచి ఇంకో మూలకు జరిపింది. ఏదైనా తేల్చి చెప్పే ముందు ఆమె చేసే పని అది. తర్వాత బెల్లం బస్తాల మీద పడుకున్న పిల్లుల వైపు గడ్డంతో చూపించింది.

"గది నీది కాదు బిడ్డా. వాల్లది. నువ్వు కిరాయికున్నదానివి. వాల్లు ఇంటోల్లు."

ఇంటివాళ్లలో పెద్దది బూడిదరంగు గండుపిల్లి. దాని పేరు పట్వారి. ఎవరింట్లో ఏముందో లెక్క రాసుకునేవాడిలా గంటల తరబడి కూర్చుని చూసేది. ఎర్రది దొరసాని. నేల మీద కాలు పెట్టడం కూడా నేలకు ఉపకారం చేసినట్టు పెట్టేది. ఇంకా పేర్లు లేనివి మూడో నాలుగో.

మొదటి రోజు జాలారులో స్నానానికి కూర్చున్నాను. తడక దట్టంగా ఉంది. మనుషులకు కనబడదు. తల ఎత్తి చూస్తే పెరటి గోడ మీద పిల్లులన్నీ వరసగా కూర్చుని ఉన్నాయి, తీర్పు చెప్పే పెద్దమనుషుల్లా. పెళ్లిచూపుల్లో కూడా నన్ను ఇంతమంది ఇంత శ్రద్ధగా చూడలేదు. చీర చాటున నీళ్లు పోసుకుని బయటికి వచ్చాను. అవ్వ బెల్లం తూస్తోంది.

"ఏమే, ఇయ్యాల శుక్రవారమాయె, తలకు పోసుకోలేదేమే?"

"నీకెవరు జెప్పిండ్రు?"

"పట్వారి జెప్పిండు."

తిరిగి గోడ వైపు చూశాను. ఆ తర్వాత చాలా రోజులకు కిటుకు తెలిసింది. తలకు పోసుకుంటే నీళ్లు గోడ దాకా చిందేవి. పిల్లి వీపు తడిసేది. అవ్వ పిల్లి వీపు నిమిరి చూసేది, అంతే. కానీ అడిగితే ఒప్పుకునేది కాదు. పట్వారి చెప్పిండు. దొరసాని చెప్పింది. ఆమె నోట ఎప్పుడూ అదే మాట.

మా ఆయన నా కోసం రుమాలులో మూటకట్టి ఎండుచేపలు తెచ్చేవాడు. మూట విప్పకముందే కంతలోంచి తలలు వచ్చేవి, ఒకదాని మీద ఒకటి. ముందరి అర్రలోంచి గొంతు వచ్చేది. "ఏం దెచ్చిండే నీ మొగడు? మావోల్లంత అటే ఉరికిండ్రు!" మేము ఇద్దరం మాటా మాటా అనుకుంటే పిల్లి లేచి తోక ఎత్తుకుని కంతలోంచి వెళ్లిపోయేది. అది చూసి అవ్వ అక్కడి నుంచే తీర్పు చెప్పేది. "కొడుకా, ఇయ్యాల తప్పు నీదే ఉంటది. ఊకో." పిల్లి లోపలికి వచ్చి బయటికి పోకపోతే మేము మంచిగున్నామని లెక్క. అప్పుడు ఆమె ఏమీ అనేది కాదు. ఏమీ అనకపోవడమే నాకు ఇంకా సిగ్గుగా ఉండేది.

ఇంకో గోల శకునం. మా ఆయన డ్యూటీకి గడప దాటగానే ఏదో ఒక పిల్లి అడ్డం వచ్చేది. వెనక్కి వచ్చి, కూర్చుని, చెంబెడు నీళ్లు తాగి మళ్లీ బయలుదేరేవాడు. మళ్లీ ఇంకోటి. ఆ ఇంట్లో పిల్లి అడ్డం రాకుండా బయటపడటం అంటే వానలో తడవకుండా నడవడమే. కడుపునిండా నీళ్లతో రోజూ ఆలస్యంగా పోయేవాడు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ తిట్టాడట. ఆ సంగతి కూడా ఆమెకు తెలిసింది. మర్నాటి నుంచి సైరన్ కూయగానే అవ్వ అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని, పిల్లులన్నింటినీ ఒడిలోకి లాగి పైన కొంగు కప్పేది. కొంగు కింద పది తోకలు కదిలినట్టు కదిలేవి. వాడకట్టు మగవాళ్లంతా డ్యూటీకి పోయేదాకా అట్లాగే పట్టుకుని, ఆఖరువాడు మలుపు తిరగగానే కొంగు తీసేసేది.

"పోండ్రి. ఇగ మీ రాజ్యం."

నాకు అప్పట్లో కావలసింది ఒక్కటే, మూసుకునే తలుపు. నగలు అడగలేదు, చీరలు అడగలేదు. మూసుకుంటే మూసుకున్నట్టు ఉండే తలుపు ఒకటి చాలనుకున్నాను.

మా ఆయనకు రాత్రి డ్యూటీలు పడ్డ రోజుల్లో మాకు దొరికేది మధ్యాహ్నం పూట మాత్రమే. ఒకనాడు ఆయన గోనెపట్ట చుట్టలా చుట్టి కంతలో గట్టిగా కుక్కాడు. నాకు నవ్వొచ్చింది, ధైర్యమూ వచ్చింది. కాసేపటికి పట్వారి వచ్చింది. తలతో పొడిచింది. గోళ్లతో గీరింది. తర్వాత గొంతెత్తి ఏడవడం మొదలుపెట్టింది. పిల్లి ఏడిస్తే పసిపిల్ల ఏడ్చినట్టే ఉంటుంది. మిగతావి కూడా వచ్చి జత కలిశాయి.

వీధిలోంచి ఎదురింటామె కేక వేసింది. "అవ్వా! ఎవల పోరడే గట్ల ఏడుస్తుండు?"

అవ్వది మైకు అక్కర్లేని గొంతు. "పోరడు లేడు, ఏం లేడు! మా కొత్త పెండ్లోల్లు కంత మూసుకున్నరు! పట్వారికి కోపమొచ్చింది!"

వాడకట్టంతా విన్నది. బావి దగ్గర నీళ్లు చేదుతున్నవాళ్లు చేదలు ఆపి విన్నారు. మా ఆయన గోనెపట్ట పీకి అవతల పడేసి, మొహం గోడకు తిప్పుకుని పడుకున్నాడు.

"తెరిసి పెట్టుంటే ఒక్క పిల్లికే తెలుస్తుండె. మూసినందుకు ఊరంత తెలిసింది" అన్నాడు.

చాలా రోజుల దాకా నేను బావికి తల వంచుకునే పోయాను. ఇల్లు మారుదామని ఆయనతో పోరాడాను. అవ్వ మొహం చూస్తే ఒళ్లు మండేది. ఆమె మాత్రం ఏమీ జరగనట్టు, అరచేతిలో బెల్లం ముక్క పెట్టుకుని "తినే, తీపి తింటె కోపం దిగుతది" అంటూ వెంటపడేది.

తలుపు ఎందుకంత కావాలనిపించిందో చెప్పాలి. బోధన్ రాకముందు అత్తగారి ఊళ్లో నాకు ఒక కడుపు నిలవలేదు. రెండో నెలలోనే మా అత్త సంతోషంతో ఊరందరికీ చెప్పింది. మూడో నెలలో పోయింది. అందరికీ చెప్పుకున్నది పోయింది కాబట్టి, అందరూ వచ్చి అడిగారు. ఎట్లా పోయింది, ఏం తిన్నావు, ఏం ఎత్తావు, ఎవరి కన్ను పడింది. పోయిన బాధ కన్నా ఆ అడగడాలు ఎక్కువ బాధ. మళ్లీ అట్లాంటిది జరిగితే నాలో నేనే ఏడుస్తాను, ఎవరికీ చెప్పను అనుకున్నాను. నిలిచినా సరే, కడుపు తనంతట తాను కనబడేదాకా చెప్పను అనుకున్నాను. అట్లా అనుకున్నదాన్ని తీసుకొచ్చి గడియల్లేని ఇంట్లో పెట్టాడు దేవుడు.

ఆ ఇంట్లోనే మళ్లీ నెల తప్పింది. మా ఆయనకు కూడా చెప్పలేదు. అవ్వ చుట్ట వాసన మా అర్ర దాకా వస్తే కడుపులో తిప్పేది. జాలారులోకి ఉరికి, నీళ్లు కుమ్మరించి చప్పుడు చేస్తూ వాంతి చేసుకునేదాన్ని. గోడ మీద పిల్లులు చూస్తూనే ఉండేవి. దొరసాని, ఎవరినీ తాకనివ్వనిది, నేను పడుకుంటే వచ్చి నా పొత్తికడుపుకు వీపు ఆనించి పడుకోవడం మొదలుపెట్టింది. తోసేస్తే మళ్లీ వచ్చేది. ఒకరోజు అట్లా పడుకుని ఉండగా అవ్వ ఏదో అడగడానికి తలుపు నెట్టుకుని వచ్చింది. దొరసానిని చూసింది. నన్ను చూసింది. నేను దొరసానిని తోసేశాను. అయిపోయింది, ఇంక అరుగెక్కి అరుస్తుంది అనుకున్నాను.

అవ్వ వచ్చిన పని చెప్పకుండానే వెనక్కి తిరిగిపోయింది.

మర్నాడు పొద్దున చుట్ట వాసన రాలేదు. వెళ్లి చూస్తే అవ్వ పొయ్యి దగ్గర లేదు. వీధి అవతల, వేపచెట్టు కింద ఒక రాయి మీద కూర్చుని చుట్ట కాలుస్తోంది. ఎన్నో ఏళ్లుగా పొయ్యి పక్కన కూర్చుని కాల్చిన మనిషి. ఎదురింటామె అడిగింది.

"ఏందవ్వా, ఎండల కూసున్నవ్?"

"లోపట పిల్లులు దగ్గుతున్నయే" అన్నది అవ్వ.

అప్పుడు నాకు తెలిసింది, ఆమెకు తెలిసిందని. నేను వాంతి చేసుకోవడం పోయింది గానీ, ఆ పూట ఊరికే ఏడ్చాను.

ఇంకొన్నాళ్లకు అదే ఎదురింటామె బెల్లం కొనడానికి వచ్చింది. నేను నా అర్రలో, తలుపు వెనకే కూర్చుని బియ్యం ఏరుతున్నాను. కంతలోంచి ప్రతి మాటా వినబడుతోంది.

"అవ్వా, నీ కిరాయామె మొకం గుంజుకపోయింది. ఏమన్న ఇశేషమా?"

"నాకేమెరుక?"

"నీకెరుక లేకుంటదా! ఎవలింట్ల చేపలొండినా నీ పిల్లులు జెప్తయ్ గదా. గిదొక్కటి జెప్పలేదా?"

నాకు కనబడకపోయినా తెలుసు, నోట్లో వెలిగించని చుట్ట ఒక మూల నుంచి ఇంకో మూలకు జరిగి ఉంటుంది.

"నా పిల్లులు ఆమె సంగతి మాట్లాడుతలేవు. గా అర్రకు పోవుడే ఇడిసిపెట్టినయ్."

ఆ మాట అన్నప్పుడు దొరసాని నా ఒడిలోనే ఉంది. నేను దాని నోరు మూసినట్టు చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

కడుపు నిలిచింది. ఇంక దాచలేనంత అయ్యాక మా ఆయన ఊరికి కబురు పంపాడు. నాకు తల్లి లేదు. కాబట్టి పురిటికి పుట్టింటికి పోవడమన్న మాట లేదు. "గీడనే కానియ్యి, నేను లేనా?" అన్నది అవ్వ. నెలలు నిండేసరికి చెరుకు గానుగ సీజను మొదలైంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి చెరుకు బండ్లు మా వాడకట్టు ముందు నుంచే వరస కట్టి ఫ్యాక్టరీ గేటుకు పోయేవి. ఊరంతా చెరుకు మడ్డి వాసన. ఆ రోజుల్లో మా అత్త దిగింది. గడప లోపల కాలు పెట్టి, పట్వారిని చూసి, కాలు వెనక్కి తీసుకుంది.

"ఓయమ్మో! పిల్లుల కొంపల పురుడా? పసిగుడ్డు రొమ్ము మీద కూసోని ఊపిరి గుంజుతయ్. నా కోడలిని నేను తోల్కపోత. ఇప్పుడే బండి మాట్లాడుండ్రి."

నిండు నెలలతో బండి మీద అంత దూరం. పోయి పడుకోవలసింది నా మొదటి కడుపు పోయిన అర్రలోనే. నేను నోరు తెరవలేకపోయాను. అత్త ముందు కోడలికి నోరెక్కడిది. అవ్వ వైపు చూశాను.

అవ్వ చుట్ట జరిపింది. "ఆమె ఏడికీ పోదు. పిల్లులే పోతయ్."

"నిజంగనా?"

"పిల్లులకేమున్నది? ఏడనైన బతుకుతయ్."

ఆమె పిల్లులను పంపించిన తీరు వాడకట్టంతా చూసింది. పాలు పోసిన అన్నం పెట్టింది. అవి తిని మూతులు నాక్కుంటుంటే ఒక్కొక్కదాన్నే పేరు పెట్టి పిలిచి, పేరు లేనివాటికి ఆ పూటే పేరు పెట్టి పిలిచి, ఖాళీ బెల్లం సంచుల్లో వేసి మూతి కట్టింది. సంచిని మూడు చుట్లు తిప్పితే పిల్లి దారి మర్చిపోతుందని మా దిక్కు నమ్మకం. తిప్పింది. ఫ్యాక్టరీలో చెరుకు దించి ఖాళీగా ఊళ్లకు మళ్లుతున్న బండ్లను ఆపి, ఒకటి ఎడపల్లి బండిలో, ఒకటి వర్ని బండిలో, ఒకటి మంజీర ఒడ్డు ఊరి బండిలో వేసింది. "మల్ల మీ మొకాలు నాకు సూపియ్యకుండ్రి" అని సంచులను తిట్టింది. బండ్లు పోయాక బెల్లం అర్రను ఊడ్చింది. ఊడ్చిన అర్రనే మళ్లీ ఊడ్చింది.

మర్నాడు నేను జాలారులో స్నానానికి కూర్చున్నాను. గోడ మీద ఎవరూ లేరు. నేను ఇన్నాళ్లు కోరుకున్న చాటు అదే. తలకు పోసుకుని బయటికి వచ్చి, ఎవరైనా ఏమైనా అంటారేమోనని అవ్వ దగ్గర కొంచెం సేపు నిలబడ్డాను. ఆమె ఏమీ అనలేదు. ఆమెకు చెప్పేవాళ్లు లేరు. ఎలుకలు పట్టపగలే బెల్లం ముద్దలను కొరుకుతున్నాయి. ఆమె చేతిలో కర్ర ఉంది గానీ కొట్టలేదు.

నాలుగు రోజులు గడిచాయో లేదో, వీధిలో ఒకటే నవ్వులు. బయటికి వచ్చి చూస్తే చెరుకు బండ్ల వరస. ఒక బండి మీద, ఎత్తుగా పేర్చిన చెరుకు మోపుల పైన, ఊరేగింపులో పెళ్లికొడుకులా పట్వారి.

బండి తోలే ఆయన అరిచాడు. "ఓ అవ్వా! నీ పిల్లి నీకే. చేన్ల ఇడిసిపెడితే కోసిన చెరుకు మీదికెక్కి కూసున్నది. దిగుమంటే దిగది. మోపుతోని పాటు బండెక్కింది!"

రెండు రోజులకు దొరసాని వర్ని బండి మీద వచ్చింది. తర్వాత మిగిలినవీ వచ్చాయి. మా అత్త అరుగు మీద నిలబడి నెత్తి కొట్టుకుంది.

"నీకు తెలివున్నదా అవ్వా? గీ సీజన్ల సుట్టుముట్టు ఊర్ల బండ్లన్ని ఏడికొస్తయ్? గీ గేటు కాడికే గదా! చెరుకు బండెక్కిచ్చి పొమ్మంటివి! పిల్లిని బోదన్‌కు తోల్కరమ్మని కిరాయికి మాట్లాడినట్టే గదనే!"

అవ్వ ఒక్క క్షణం తెల్లబోయినట్టు చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. చుట్ట జారి కింద పడేదాకా నవ్వింది. నవ్వే ఆమెను చూసి మా అత్త కూడా నవ్వింది. అవ్వ ఫ్యాక్టరీ కట్టినప్పటి నుంచి ఆ బండ్ల రాకపోకలు చూస్తున్న మనిషి. మర్చిపోయి చేసిందా, తెలిసే చేసిందా? ఎన్నిసార్లు అడిగినా "ముసలిదాన్ని, నాకేమెరుక" అనేది.

ఆ నవ్వుల మధ్యనే నాకు నొప్పులు మొదలయ్యాయి.

మంత్రసాని వచ్చింది. మా అత్త వెనక అర్ర తలుపు దగ్గరికి వేసి, లోపలి నుంచి కంతలో ఇటుక పెట్టింది. అవ్వ నాతో పాటు లోపలికి రాబోయింది. మా అత్త గడపలో అడ్డం నిలబడింది.

"నువ్వు బయటుండు అవ్వా. మొగడు లేడు, పిల్లలు లేరు. పురిటి కాడికి నువ్వు రావద్దు. ఏమనుకోకు."

"ఏమనుకుంట? గీడ కూసుంట తీ" అన్నది అవ్వ.

తలుపు అవతల బండ మీద కూర్చున్న చప్పుడు విన్నాను. పిల్లులు వచ్చి ఆమె చుట్టూ చేరిన చప్పుడు కూడా. నేను తలుపు దగ్గరే చాప మీద పడి ఉన్నాను. నొప్పి వస్తే అమ్మా అనాలి. నాకు ఆ మాట అలవాటు లేదు. నా నోట అవ్వా అని వచ్చింది. ఇంకోసారి, ఇంకోసారి అదే వచ్చింది.

కంతలో ఇటుక కదిలింది. లోపలికి జరిగి పక్కకు ఒరిగింది. ఆ కంతలోంచి ఒక చెయ్యి వచ్చింది, మోచేతి దాకా. గోళ్లకు చుట్ట మరక, వేళ్లకు బెల్లం జిగట. చెయ్యి నేల మీద తడుముకుంటూ నా కోసం వెతుకుతోంది. నేను పట్టుకున్నాను.

"గట్టిగ పట్టుకో బిడ్డా" అన్నది తలుపు అవతల గొంతు. "ఇరిగితే ఇరగనియ్. నాకింకో చెయ్యున్నది."

మా అత్త చూసింది. ఇటుకను కాలితో నెట్టబోయి ఆగింది. తర్వాత మొహం పక్కకు తిప్పుకుని మంత్రసానికి వేడినీళ్లు అందించింది. ఆమె చేసిన మంచి పనుల్లో నేను మర్చిపోనిది అది.

మధ్యాహ్నం షిఫ్టు సైరన్ కూస్తుండగా బిడ్డ పుట్టింది. ఇంకా బొడ్డు కోయలేదు. మా అత్త ఇంకా నోరు తెరవలేదు. అప్పటికే వీధిలో అవ్వ గొంతు వినబడింది.

"ఆడపిల్ల! మంచిగున్నది!"

"నీకెవరు జెప్పిండ్రే?" అని ఎదురింటామె.

"పట్వారి జెప్పిండు!"

నేను ఒళ్లంతా నొప్పిలో కూడా నవ్వాను. ఇల్లు మారుదామన్న మాట మళ్లీ నా నోట రాలేదు.

మా బిడ్డ పాకడం నేర్చుకున్నది తలుపుల్లోంచి కాదు, కంతల్లోంచి. మా అర్ర కంతలో దూరి, బెల్లం అర్రలో తేలి, మూతి నిండా బెల్లం పూసుకుని, వెనక పిల్లుల వరసతో అవ్వ ఒడిలోకి చేరేది. "వచ్చినవా పట్వారమ్మా, ఏం జెప్తవ్ మీ ఇంట్ల సంగతులు?" అని అడిగేది అవ్వ. అది ఏదో చెప్పేది. ఈమె అన్నీ అర్థమైనట్టు చుట్ట జరిపేది.

బిడ్డకు బడి వయసు వచ్చేసరికి అవ్వకు కండ్లు మసకబారాయి. బెల్లం తూకంలో ముల్లు కనబడక వేలితో తడిమి చూసేది. నిజాంసాగర్ కాలువ కింది ఊరి నుంచి ఆమె చెల్లెలి కొడుకు వచ్చాడు. మంచివాడే. ఒక్కదాన్నే ఉంచలేము, మా దగ్గర ఉంటుంది అన్నాడు. ఇల్లు బేరం పెట్టాడు. మాకు ఫ్యాక్టరీ క్వార్టరు దొరికే రోజులు కూడా అవే.

ఆమె పోయింది సీజనులోనే. చెరుకు దించి మళ్లుతున్న ఖాళీ బండి. అందులో ఒక రేకు పెట్టె, ఒక బొంత, అవ్వ. నేను బండి పట్టె పట్టుకుని నిలబడ్డాను.

"పిల్లులను తోల్కపోవా అవ్వా?"

"ఎందుకే? ఏడ ఇడిసినా గీడికే వస్తయ్ గదా."

"మరి నువ్వు?"

చుట్ట ఒక మూల నుంచి ఇంకో మూలకు జరిగింది. "నేనెక్కింది గూడ చెరుకు బండే గదనే పిచ్చిదానా. పట్వారి రాలేదా? దొరసాని రాలేదా? నేను రాకపోతనా?"

బండి కదిలింది. ఆమె వెనక్కి తిరిగి కూర్చుని ఉంది, మొహం మా వైపు. మసక కండ్లకు నేను కనబడుతున్నానో లేదో. బండి పట్టెల సందులోంచి చెయ్యి బయటికి పెట్టింది, మోచేతి దాకా. మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి అట్లాగే ఉంది.

ఆమెకు రాయడం రాదు. నాకు అప్పటికి చదవడం రాదు. మా ఇద్దరికీ టపా అంటే చెరుకు బండ్లే. సీజను మొదలవగానే క్వార్టరు నుంచి నడిచి గేటు దగ్గరికి పోయేదాన్ని. వరసలో ఆ ఊరి బండి ఏదో కనుక్కునేదాన్ని. ఒకసారి బండి ఆయన చెప్పాడు. "పట్వారి మంచిగున్నడా అని అడిగింది." "ముసలోడైండు, మా ఇంట్లనే ఉన్నడు, ఎలుకలను సూసి మొకం తిప్పుకుంటుండు అని చెప్పు" అని పంపాను. ఇంకోసారి ఒక బెల్లం ముద్ద పంపింది, మా బిడ్డకని. అడగడం ఒకటే అడగలేదు నేను, ఎప్పుడొస్తుందని. వస్తానన్న మనిషిని ఎప్పుడని అడిగితే అనుమానించినట్టు ఉంటుంది.

తర్వాతి సీజనులో ఆ ఊరి బండి మీద వేరే ఆయన ఉన్నాడు. చెరుకు గడ నములుతూ, బండి దిగకుండానే చెప్పాడు.

"అవ్వనా? పోయింది గదమ్మా. శ్రావణంల. నీకెవలు జెప్పలేదా?"

ఎవరు చెబుతారు? పట్వారి కూడా ఆ ఎండాకాలమే పోయింది.

ఆ సంగతి తెలిశాక కూడా తర్వాతి సీజనులో గేటు దగ్గరికి పోయాను. ఆ తర్వాతి సీజనులోనూ పోయాను. చెరుకు మోపుల పైన ఎవరైనా కూర్చుని ఉంటే మెడ ఎత్తి చూసేదాన్ని. మా ఆయన ఒకరోజు వెనకే వచ్చి చూశాడు. పక్కన నిలబడ్డాడు. ఆయన కూడా మెడ ఎత్తే చూస్తున్నాడు. బండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాక మానేశాను. ట్రాక్టరు మీద వచ్చే మనిషి కాదు ఆమె.

ఇప్పుడు నిజామాబాద్‌లో, కంఠేశ్వర్‌లో ఉంటున్నాను. నా గదికి పైన ఒక గడియ, కింద ఒక గడియ. స్నానాల గదికి లోపల ఇంకొకటి. మూసుకుంటే మూసుకున్నట్టే ఉంటాయి. నేను తలకు పోసుకున్నానా లేదా అని అడిగేవాళ్లు ఎవరూ లేరు.

పిల్లి సంగతి చెబితే మా బిడ్డ కోప్పడి, వెంటిలేటర్‌కు ఇనుప జాలి కొట్టమని, తలుపుల పని చేసే వడ్లాయనను పంపింది. కుర్రవాడు. జాలి, మేకులు తెచ్చాడు. నేను జాలి వద్దన్నాను. నా గది తలుపు చూపించాను.

"దీనికి కింద ఒక కంత కొయ్యాలె."

"పిల్లి కోసమా అమ్మా? ఎంత పెట్టాలె?"

నేను నేల మీద కూర్చుని, చెయ్యి మోచేతి దాకా తలుపుకు ఆనించి చూపించాను.

"పిల్లికి తల వడితే సాలు గదమ్మా" అన్నాడు.

"పిల్లి సంగతి నాకెరుక. చెయ్యి వట్టాలె."

వింతగా చూశాడు గానీ కోశాడు. అంచులు ఆకురాయితో నున్నగా చెయ్యమన్నాను, చేశాడు. నేను లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. గోడకు ఆనుకుని మెల్లగా నేల మీదికి దిగాను. ఈ వయసులో దిగడం కష్టమే.

"ఏదీ, నీ చెయ్యి పెట్టి సూడు" అన్నాను.

కంతలోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. చెక్కపొట్టు అంటుకున్న చెయ్యి. నేల మీద అటూ ఇటూ తడిమింది.

"సరిపోయిందా అమ్మా?" అని తలుపు అవతల నుంచి అడిగాడు.

సరిపోయింది. ఆ మాట పైకి అనడానికి నాకు కొంచెం సేపు పట్టింది.